ఫిలాసఫీ చర్చలకి వెళ్తే నాలాంటివాళ్ళకి ఏమైనా అర్థమవుతుందా?

"బీకాం చదివాను. ఫ్రెండ్ ఒకడు ఫిలాసఫీ చర్చలకి రమ్మంటున్నాడు. సాహిత్యం, సైన్సు, కంటికి కనిపించేదెంతవరకు నిజం లాంటివన్నీ కలిపి మాట్లాడుకుంటారట. నాకేమైనా తలకెక్కుతుందా? వెళ్తే ఒరిగేదేమైనా ఉందా?" అని అడిగారు.

తలకెక్కుతుంది, వెళ్ళండి. నేనూ ఫిలాసఫీ చదువుకోలేదు. కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఇది బాగుందామ్మా, అది బాగుందా" అంటూ అద్దాలు మార్చడమే నా పని. విద్యానగర్‌లో ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ గారి మేడమీద నెలకోసారి కూడే గుంపులో కొన్నేళ్ళుగా కూర్చుంటున్నాను.

అయితే అన్ని చర్చలూ ఒకలా ఉండవు. "జీవితానికి అర్థం ఏమిటి", "సత్యం అంటే ఏమిటి" అని టాపిక్ పెట్టిన రోజున ఎవరి దగ్గరున్న అభిప్రాయం వాళ్ళు ఒలకబోసి, టీ తాగి వెళ్ళిపోతారు. వాట్సాప్‌లో చదివినదే మళ్ళీ వినిపిస్తుంది. చర్చ పండిందంటే మధ్యలో ఏదో ఒకటి ఉండాలి: ఒక పద్యం, ఒక బొమ్మ, ఒక చిన్న ప్రయోగం, లేదా ఎవరికైనా నిజంగా ఎదురైన సంగతి. నేను చూసినంతలో మంచి గుంపుకీ వట్టి గుంపుకీ తేడా అదొక్కటే.

మా గుంపులో బాగా పండిన చర్చ ఒకటి చెప్తాను. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి ఒక కంట్లో శుక్లం తీసి లెన్స్ వేశారు, రెండో కన్ను ఇంకా చేయాలి. చూపు పరీక్షకి నా ముందు కూర్చున్నావిడ ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, గోడని మార్చి మార్చి చూసింది. "బిడ్డా, ఈ కంటికి గోడ పాత సున్నం లెక్క కొడుతున్నది, ఆ కంటికి ఇయ్యాలనే సున్నమేసినట్టున్నది. మరి ఇన్నొద్దులు నేను కట్టిన తెల్లచీరెలు ఏం రంగువి?" అంది.

దీనికి ఆసుపత్రిలో జవాబు సులువు. వయసుతో కంటి లెన్స్ పసుపెక్కుతుంది, నీలం వెలుగుని అడ్డుకుంటుంది. మార్పు ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మెదడు సర్దుకుంటూ పోతుంది, మనకి తెలియదు. కొత్త లెన్స్ ఆ నీలాన్ని లోపలికి వదులుతుంది, అందుకే కొందరికి కొన్నాళ్ళు అన్నీ కాస్త నీలంగా కనిపిస్తాయి. ఇదంతా చెప్పాను. ఆవిడ తలూపింది. కానీ ఆవిడ అడిగింది అది కాదు కదా! అదే ప్రశ్నని మేడమీదికి తీసుకెళ్ళాను.

లెక్చరర్ గారు వెంటనే పచ్చకామెర్ల సామెత ఎత్తారు. మన దర్శనాల్లో ఇది పాత తగాదాయేనట: కామెర్ల రోగికి తెల్లని శంఖం పసుపుగా కనిపిస్తుంది, దీన్ని పీతశంఖ ఉదాహరణ అంటారు. పొరపాటు ఎక్కడ జరిగిందన్నదే ప్రశ్న. నైయాయికులేమో (తర్కానికి పెద్దపీట వేసే న్యాయ దర్శనం వాళ్ళు) పసుపు నిజంగా వేరేచోట ఉంది, దాన్ని తెచ్చి శంఖానికి అంటగట్టాం, అదే తప్పు అంటారు. ప్రాభాకర మీమాంసకులేమో (మీమాంస దర్శనంలో ప్రభాకరుడి దారి పట్టినవాళ్ళు) అసలు తప్పు జ్ఞానమే లేదంటారు: శంఖం కనిపించింది నిజం, పైత్యపు పసుపు కనిపించింది నిజం, రెండూ వేరని గుర్తుపట్టకపోవడమే జరిగింది. (వృత్తిరీత్యా ఒక మాట: కామెర్లొస్తే మామూలుగా లోకం పచ్చగా కనబడదు, ఎదుటివాళ్ళకి రోగి కంటి తెల్లగుడ్డు పచ్చగా కనబడుతుందంతే. సామెత అసలు నప్పేది శుక్లానికి.) ఆ రోజు ఇంజనీరింగ్ కుర్రాడొకడు ప్రాభాకరుల పక్షం వహించి గంటసేపు దిగలేదు. పెద్దావిడ పాత కన్నూ అబద్ధం చెప్పలేదు, లెన్స్ రంగూ గోడ రంగూ విడదీసుకోలేదంతే అని వాదన. నాకు ఇప్పటికీ అదే సబబనిపిస్తుంది, లెక్చరర్ గారు మాత్రం ఒప్పుకోరు.

సాహిత్యం ఎలా వస్తుందంటారా? మయసభ తీసుకోండి. దుర్యోధనుడు స్ఫటికపు నేలని నీళ్ళనుకుని బట్టలు పైకి ఎత్తుకున్నాడు. తర్వాత నిజం నీళ్ళని నేలనుకుని పడ్డాడు. మూసిన తలుపుని తెరిచి ఉందనుకుని నుదురు కొట్టుకున్నాడు. చిన్నప్పట్నుంచి విన్న కథే, పైగా ఎన్టీఆర్ డైలాగు ఎవరో ఒకరు అందుకోకుండా ఆ పేరు ముగియదు. అయితే మా గుంపులో ఫిజిక్స్ చెప్పే సారు ఒకాయన ఆ వరస చూడమన్నారు. మొదటిసారి మోసపోయాక రెండోసారి కన్ను అటువైపు మొగ్గింది. అంటే కళ్ళు చూస్తున్నాయి, నిర్ణయం మాత్రం క్రితం దెబ్బ చేస్తోంది. చూపులో మనకి తెలియకుండానే ఒక అనుమానం, ఒక ఊహ కలిసి ఉంటాయని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ అన్నది దాదాపు ఇదే. ఇంకా సాగాల్సింది, ద్రౌపది నవ్విందా లేదా అన్న తగాదాలో అరగంట కొట్టుకుపోయింది.

సైన్సు వచ్చి ఫిలాసఫీ ప్రశ్నని తేల్చేసిన సందర్భాలూ ఉన్నాయి. 1688లో డబ్లిన్‌కి చెందిన మాలిన్యూ అనే ఆయన ఇంగ్లీషు ఫిలాసఫర్ జాన్ లాక్‌కి ఉత్తరం రాశాడు: పుట్టుగుడ్డి ఒకడు గోళాన్నీ ఘనాన్నీ తడిమి తెలుసుకున్నాడు, వాడికి చూపొస్తే ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? ఇద్దరూ చెప్పలేడనే అన్నారు. మూడొందల ఏళ్ళు అది తెగని ప్రశ్నగానే ఉంది. మెదడు, చూపు మీద పనిచేసే శాస్త్రవేత్త పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్ వాళ్ళు ఢిల్లీలో, పుట్టుకతో చూపులేని పిల్లలకి ఆపరేషన్ చేయించి పరీక్షించారు. 2011లో ఫలితం వచ్చింది: చూపొచ్చిన కొత్తలో, తడిమిన వస్తువుని చూసి పోల్చుకోలేకపోయారు, కొద్ది రోజుల్లోనే నేర్చేసుకున్నారు. ఇది చదివిన రోజు నేను గుంపులో ఎక్కువ మాట్లాడాను, నా పని కాబట్టి.

ఇలాంటి చర్చలకి డిగ్రీ అక్కర్లేదన్నది కొత్త మాటేం కాదు. 1992లో పారిస్‌లో బాస్టీల్ కూడలి దగ్గర కఫే దే ఫార్‌లో మార్క్ సోతే అనే ఫిలాసఫీ పండితుడు ఆదివారాలు ఇలాంటి చర్చలు మొదలుపెట్టాడు. కాఫీకి వచ్చినవాళ్ళెవరైనా కలవగలిగేవారు.

వెళ్ళే ముందు చూసుకోవలసినవి కొన్ని. ఒక్కరే మాట్లాడి మిగతావాళ్ళు చేతులు కట్టుకుని వినే చోటైతే అది ప్రవచనం, ఇష్టముంటే అందుకోసమే వెళ్ళండి. క్వాంటమ్ ఫిజిక్సంతా మన ఉపనిషత్తుల్లోనే ఉందనేవాళ్ళు ప్రతి గుంపులో ఒకరుంటారు. మా ఫిజిక్స్ సారు వాళ్ళని కోప్పడరు, "ఏ సమీకరణం సార్?" అని మాత్రం అడుగుతారు. మా దగ్గర ఇంకో పద్ధతి ఉంది: ఎవరి మాటనైనా ఖండించాలంటే ముందు అదే మాటని మీరు చెప్పాలి, వాళ్ళు "అవును, నేనన్నది అదే" అన్నాకే మీ వంతు. దీంతో సగం గొడవలు పుట్టకముందే పోతాయి.

మొదటిసారి వట్టి చేతులతో వెళ్ళడం ఇబ్బందనిపిస్తే ఒక తెల్లకాగితం పట్టుకెళ్ళండి. ఎడమవైపు చిన్న ఇంటూ గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఇంటూ గుర్తునే చూస్తూ కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరపండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. కంటి నరం బయటికి వెళ్ళే చోట వెలుగుని పట్టే కణాలుండవు, అందుకే. కానీ అక్కడ మీకు నల్లటి బొక్క కనిపించదు, తెల్లకాగితమే కనిపిస్తుంది. ఆ తెలుపుని మెదడు నింపిందా, లేక అక్కడేమీ లేదన్న సంగతే మెదడు పట్టించుకోలేదా? మొదటిది మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ పక్షం, రెండోది అమెరికన్ ఫిలాసఫర్ డేనియల్ డెనెట్ పక్షం. గుంపులో ఎవరు ఎటో అడిగి చూడండి, టీ చల్లారిపోతుంది.