ఫోర్ట్ కొచ్చి చర్చి గురించి రాసిన బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన ఫోర్ట్ కొచ్చి వ్యాసం నిదానంగా చదివాను. నీ చేతిలో వాక్యం ఉంది, అందులో అనుమానం లేదు. కానీ సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి అనగానే మొదటి పేజీ మొత్తం వాస్కోడగామాకే ఇచ్చేశావు. 1524లో కొచ్చిలో చనిపోయాడు, ఈ చర్చిలోనే పాతిపెట్టారు, 1539లో అవశేషాలను పోర్చుగల్‌కు తీసుకెళ్లారు. అన్నీ నిజాలే, అక్కడికి పోయొచ్చిన ప్రతివాళ్లూ రాసేవే. ఇవి చెప్పడానికి వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అంత దూరం పోవాల్సిన పని లేదు.

మూడో పేజీలో "పైన పాతకాలం పంకాలు వేలాడుతున్నాయి" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. కరెంటు లేని రోజుల్లో అవి ఎట్లా ఊగేవి? పొడవాటి కర్రలకు గుడ్డ బిగించి, వాటికి కట్టిన తాళ్లను గోడలోంచి బయటికి తీసి, ఆ బయట మనుషులు లాగుతూ ఉంటే లోపల ప్రార్థనలో కూర్చున్నవాళ్లకు గాలి తగిలేది. కొచ్చి ఉక్కపోత సంగతి నువ్వే రాశావు కదా, ఆ ఉక్కలో ప్రార్థన అయ్యేదాకా తాడు లాగిన మనిషి చేతులు ఎట్లా ఉండేవో ఒక్కసారి ఆలోచించు. లోపల కూర్చున్నవాళ్ల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు, బయటి మనిషిని నువ్వే పట్టించుకోవాలి.

చరిత్ర వద్దని కాదు. 1663లో డచ్చివాళ్లు పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి కొచ్చిని గుంజుకున్నారు, 1795లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు, 1804లో చర్చి ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖవాళ్ల, చేతికి పోయింది. నువ్వు వీటిని వరసపెట్టి చెప్పుకుంటూ పోయావు, చదివేవాళ్లకు ఏదీ గుర్తుండదు. దానికి బదులు గోడకు బిగించిన సమాధి రాళ్ల దగ్గర నిలబడు. అవి ఒకప్పుడు నేల మీద ఉండేవి, 1886-87 ప్రాంతంలో లేపి, పోర్చుగీసువాళ్లవి ఒక గోడకు, డచ్చివాళ్లవి ఎదురు గోడకు పెట్టారు. ఒకరి చర్చిని ఇంకొకరు లాక్కున్న సంగతి ఆ రెండు గోడల మధ్యే చెప్పొచ్చు, తేదీలు వాటంతటవే వస్తాయి.

సముద్రం లేని ఊరివాళ్లం, అక్కడి చర్చి గురించి మనమేం రాస్తామని ఉత్తరంలో దిగులుపడ్డావు. ఆ టెన్షన్ పెట్టుకోకు. నువ్వెక్కిన రైలు డోర్నకల్ మీదుగానే పోయింది. అక్కడి ఎపిఫనీ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. కట్టించిన అజరయ్య 1912లో ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్ అయినవాడు. పైన మసీదు తరహా గుమ్మటాలు, లోపల గుడి మండపాన్ని తలపించే స్తంభాలు. దాన్ని చూసి పెరిగిన కళ్లకు కొచ్చి చర్చి ముందుగోడ వేరేగా కనిపిస్తుంది. అది ఓడ దిగినవాళ్లు తమ దేశం పోలికతో కట్టుకున్నది, ఇది ఈ నేల మనిషి ఈ నేల పోలికతో కట్టించినది. ఈ తేడా నీకు తట్టినంత సులువుగా తీరంలో పుట్టినవాళ్లకు తట్టకపోవచ్చు, కాబట్టి ధైర్యంగా రాయి.

ఇప్పుడు చేయాల్సింది: వాస్కోడగామాను రెండు వాక్యాలకు కుదించు, పంకాతో మొదలుపెట్టు, "అద్భుతం", "అపురూపం" ఎక్కడున్నా కొట్టెయ్. తాళ్లు గోడలోంచి ఎక్కడ బయటికి వచ్చేవో నీ ఫోటోల్లో తేలకపోతే చర్చివాళ్లకు ఫోన్ చేసి అడుగు, మొహమాటపడకు. బతుకమ్మకు హనుమకొండ వస్తావు కదా, కొత్త ప్రతి తీసుకురా, కూర్చొని చదువుదాం.