చైనాలోని యునాన్ రాష్ట్రంలో లిజియాంగ్ నుంచి వెళ్లి షాషీ ఊరు చూడాలంటే రెండు రోజులు సరిపోతాయా?

సరిపోతాయి, కాకపోతే అందులో ఒకటి శుక్రవారం అయ్యేలా చూసుకోండి. వారపు సంత ఆ రోజే. ముందు జియాన్‌చువాన్ పట్టణం చేరి, అక్కడ షాషీ వ్యాన్ ఎక్కొచ్చు. అది నిండితేగానీ కదలదు, పొద్దుపోతే దొరకడమూ కష్టమే.

షాషీలోని సిదెంగ్ కూడలిలో షింగ్‌జియావ్ గుడి, దానికెదురుగా నాటకాల వేదిక, కాస్త నడిస్తే యూజిన్ రాతి వంతెన. వీటికి ఒక పూట చాలు. మిగతా సమయమంతా ఊరి దగ్గరి షిబావ్‌షాన్ కొండకే ఉంచండి. అక్కడి షిజోంగ్ గుహల్లో ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన నాన్‌జావ్, దాలీ రాజ్యాల కాలపు శిల్పాలున్నాయి: రాజులు, బుద్ధులు, వాళ్ల మధ్యే యోని ఆకారంలో ఒక రాయి. సంతానం కోరుకునే ఆడవాళ్లు పూసిన నూనెతో అది నల్లగా నిగనిగలాడుతుంటుంది. ఫోటోలు తీయనివ్వరు. దారిలో కోతులుంటాయి, తిండి చేతిలో పట్టుకుని నడవొద్దు. ఊరు 2,000 మీటర్లకు పైనే ఉంది, వేసవిలోనూ రాత్రిళ్లు స్వెటర్ కావాలి.