విండోస్ మారినప్పుడల్లా నాన్నగారికి మళ్లీ మొదటి నుంచి నేర్పాలా?

విండోస్ 7కి అలవాటుపడ్డ మీ నాన్నగారు కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 చూసి స్టార్ట్ బటన్ కోసం వెతుక్కుంటున్నారు, ఎందుకిలా మారుస్తారు, ఆయనకి ఎలా నేర్పాలి అని మీరు అడిగారు. మొదటి నుంచి నేర్పక్కర్లేదండీ.

నేను కొన్నేళ్లు కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్లో బేసిక్స్ చెప్పాను. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో "ఎడమవైపు కింద మూలనున్న పచ్చ బటన్ నొక్కండి" అనేదాన్ని. దాని తర్వాత విండోస్ విస్టా రాగానే ఆ పచ్చ బటన్ పోయి, గుండ్రటిది వచ్చింది. 2012లో విండోస్ 8 వచ్చాక మూలన బటనే లేదు! 1995 నుంచి ఉన్నదాన్ని తీసేశారు. అప్పటికి ఐప్యాడ్ వచ్చి రెండేళ్లయింది. వేలితో తాకే తెరకీ, మౌస్‌కీ ఒకే రూపం సరిపోతుందనుకున్నారు. కంప్యూటర్ ఆపాలంటే మౌస్‌ని కుడి మూలకి తీసుకెళ్లాలి, అక్కడొచ్చే పట్టీలో సెట్టింగ్స్, అందులో పవర్. ఎవరికి తడుతుంది? మరుసటి ఏడు 8.1లో బటన్, 2015లో విండోస్ 10తో పూర్తి మెనూ తిరిగొచ్చాయి. 2021లో విండోస్ 11 దాన్ని మధ్యకి జరిపింది.

8 వచ్చినప్పుడు క్లాసంతా తెర మీద వెతుకుతుంటే, కుట్టుమిషన్ మీద బతికే ఒకావిడ మాత్రం ఆగలేదు. కీబోర్డు మీద విండోస్ గుర్తుండే విండోస్ కీ నొక్కి, వర్డ్ పేరు టైప్ చేసి తెరిచేసింది. ఆవిడ నోట్‌బుక్ నిండా కీలే. బొమ్మలు మారాయని ఆవిడ గమనించిందో లేదో కూడా నాకు తెలియదు. ఆ రోజు నుంచి నేను పాఠం చెప్పే తీరే మార్చుకున్నాను.

నాన్నగారికీ అలాగే చెప్పండి. విండోస్ కీ నొక్కి కావలసిన ప్రోగ్రామ్ పేరు టైప్ చేయడం విస్టా నుంచి 11 దాకా పనిచేస్తూనే ఉంది. ఫైళ్ల కోసం విండోస్ కీతో ఇ. కాపీకి కంట్రోల్ సి, పేస్ట్‌కి కంట్రోల్ వి, విండో మూయడానికి ఆల్ట్ ఎఫ్4. ఇవి ఇంకా పాతవి. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి కీబోర్డు పక్కన పెట్టండి. రోజుకి ఒక్కటి చాలు, తొందరపెట్టొద్దు.

స్టార్ట్ బటన్ పాత చోటే కావాలంటే, తెర అడుగున ఉండే పట్టీ, అంటే టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. బిహేవియర్స్ కింద అలైన్‌మెంట్‌ని లెఫ్ట్ చేస్తే ఎడమ మూలకి వచ్చేస్తుంది. ల్యాప్‌టాప్ ఆయన చేతికిచ్చేముందే ఆ పని చేసేయండి.