పిల్లలకు డైపర్ మాన్పించే సమయం వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

మీ బాబుకు ఇప్పుడే రెండేళ్ళు నిండాయని, జూన్‌లో చేరేనాటికి డైపర్ మానేసి ఉండాలని ప్లేస్కూల్ వాళ్ళు షరతు పెట్టారని, ఈలోగా మే నెలలో బీటీఎం లేఅవుట్ నుంచి వైట్‌ఫీల్డ్‌కు ఇల్లు మారుతున్నారని రాశారు. టాయిలెట్ అలవాటుకు బాబు సిద్ధంగా ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుందని అడిగారు. బెంగళూరులోనే ఇద్దరు పిల్లలను పెంచిన తల్లిగా నేను చెప్పేది ఇది: వయసునూ స్కూలు తేదీనీ పక్కన పెట్టి, దొడ్డికి వెళ్ళబోయే ముందు బాబు ఏం చేస్తున్నాడో గమనించండి. అయిపోయాక వచ్చి చెప్పడం చాలామంది పిల్లలు ముందే నేర్చుకుంటారు. కాబోతున్నదని తెలియడమే అసలైన గుర్తు.

మా పెద్దమ్మాయికి రెండేళ్ళు దాటిన కొత్తలో, పొద్దున పాలు తాగిన కాసేపటికి, చేతిలోని బొమ్మను ఎక్కడిదక్కడ వదిలేసి బాల్కనీ తలుపుకున్న తెర వెనక్కి వెళ్ళి నిలబడే అలవాటు వచ్చింది. తెర అంచును పిడికిట్లో బిగించి, మోకాళ్ళు కొంచెం వంచి, ముఖం ఎర్రబడేదాకా ముక్కేది. ఎవరైనా దగ్గరికి వెళితే "రావద్దు" అని గట్టిగా అరిచేది. అప్పుడు ధర్మవరం నుంచి వచ్చి మాతో ఉన్న మా అత్తగారు కొన్నాళ్ళు చూసి, "దానికి తెలిసొచ్చిందమ్మా, ఇంక ఆ డైపర్ తీసెయ్" అన్నారు. ఆమె మాట అక్షరాలా నిజం. పిల్ల చాటు కోరుకుంటున్నదంటే, రాబోయేది దానికి ముందే తెలుస్తోంది, కాసేపు ఆపుకోగలుగుతోంది, తనకు నచ్చిన చోటికి నడిచి వెళ్ళి అక్కడే కానిస్తోంది. టాయిలెట్‌కు వెళ్ళడానికి కావలసినవన్నీ దాని దగ్గర ఉన్నాయి, ఇక మారవలసింది చోటు మాత్రమే.

ఆ చోటు మార్చడానికే మాకు ఓపిక కావలసి వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నవి రెండూ వెస్ట్రన్ కమోడ్‌లే. పైన పిల్లల సీటు అమర్చి కూర్చోబెడితే కాళ్ళు గాలిలో వేలాడి, భయంతో నా మెడను రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయేది. పాదాలకు ఆనిక లేకుండా ముక్కడం పెద్దవాళ్ళకే కష్టం. పాదాలు నేలకు గట్టిగా ఆని, మోకాళ్ళు తుంటి కంటే కాస్త ఎత్తులో ఉంటే సులువుగా అవుతుంది. అందుకని నేల మీద పెట్టే ప్లాస్టిక్ పాటీ చైర్ కొని, దాన్ని బాత్రూంలో కాకుండా సరిగ్గా ఆ తెర వెనకే పెట్టాం. మొదట్లో డైపర్‌తోనే దాని మీద కూర్చునేది, తర్వాత డైపర్ విప్పినా ఒప్పుకుంది. అది కుదిరాక కుర్చీని కొంచెం కొంచెంగా హాలు మీదుగా బాత్రూం గుమ్మం దాకా, ఆపై లోపలికి జరిపాం. హాలు మధ్యలో పాటీ ఏమిటని ఇంటికి వచ్చిన చుట్టాలు ముఖం చిట్లించినా, వాళ్ళ కోసం దాన్ని ఒక్క పూట కూడా పక్కకు తీయలేదు. మా చిన్నవాడు ఎప్పుడూ దాక్కోలేదు. ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా ఆగిపోయి నిక్కరు ముందువైపు పట్టుకునేవాడు, వాడికి అదే గుర్తు. మీ బాబుది ఏదో మీరే కనిపెట్టాలి. మగపిల్లలకు మొదట మూత్రం, దొడ్డి రెండూ కూర్చునే అలవాటు చేయండి, నిలబడడం తర్వాత నేర్పవచ్చు.

దీనికి తోడు పగలు కనీసం 2 గంటలైనా డైపర్ పొడిగా ఉండాలి, చిన్న పని చెబితే అర్థం చేసుకుని చేయాలి, నిక్కరు తానే కిందికి లాగుకోగలగాలి. చాలామందిలో ఈ గుర్తులు 18 నుంచి 24 నెలల మధ్య మొదలవుతాయి, కొందరికి మూడేళ్ళు వచ్చేదాకా అన్నీ కూడిరావు. అమెరికా పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజెల్టన్ 1,170 మంది పిల్లల వివరాలతో 1962లో ప్రచురించిన వ్యాసంలో, పిల్లల సంసిద్ధతను బట్టి మొదలుపెడితే పగటి అలవాటు పూర్తయిన సగటు వయసు 28.5 నెలలు, మగపిల్లలకు ఆడపిల్లల కంటే రెండు నెలలకు పైగా ఎక్కువ పట్టింది. 27 నెలలకు ముందే గట్టిగా పట్టుబట్టి నేర్పినందువల్ల పెద్ద ప్రయోజనం ఉండదనీ, ముందు మొదలుపెట్టినకొద్దీ నేర్చుకునే కాలం సాగుతుందనీ 2003లో అక్కడే మరో అధ్యయనం తేల్చింది. మీ బాబుకు ఇంకా 24 నెలలే.

"మా పిల్లలకు ఏడాదికే మాన్పించాం" అని పెద్దవాళ్ళు అనే మాట ఈపాటికి మీకూ వినిపించే ఉంటుంది. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిబిడ్డను పాదాల మీద కూర్చోబెట్టుకుని, "ష్ష్" అంటూ పోయించడం మా అత్తగారికి చేతనైన విద్య. తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగ తల్లులు పుట్టిన కొద్ది వారాలకే ఇలాగే మొదలుపెట్టి, ఐదారు నెలలకల్లా అలవాటు చేస్తారని 1977లో ఒక పరిశీలన వచ్చింది. అయితే ఆ పద్ధతిలో గుర్తుపట్టే పని పూర్తిగా పెద్దవాళ్ళది, బిడ్డను రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంట్లో ఉండాలి. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి ఆఫీసుకు వెళ్ళే ఇంట్లో అది సాధ్యం కాదు. దాన్ని తల్లి బద్ధకంగా లెక్కగట్టడం అన్యాయం, ఆ మాట ఎవరన్నా నేను ఊరుకోను. పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది మాత్రం ఒకటుంది: ఇప్పటి డైపర్‌లోని జెల్ తడిని వెంటనే పీల్చేయడం వల్ల పోసుకున్న సంగతి పిల్లలకు సరిగ్గా తెలియదు. ఇంట్లో ఉన్న వేళల్లో నూలు నిక్కరు వేసి ఉంచితే తడి కాళ్ళ మీదుగా కారినప్పుడు బాబుకే తెలుస్తుంది. మాప్ పక్కన పెట్టుకోండి, కోప్పడకండి.

ఇక ప్లేస్కూల్ సంగతి. మా ఇంటి దగ్గరి ప్లేస్కూల్ దరఖాస్తులోనూ ఇదే షరతు ఉంటే, నేను సంతకం చేయకుండా చేర్పించడం కొన్ని నెలలు వాయిదా వేశాను. బట్టలు మార్చడానికి ఇంకో ఆయాను పెట్టుకోవలసిన ఖర్చును రెండేళ్ళ పిల్లల మీదికి నెట్టడమే ఇదంతా. తొందరపెడితే కొందరు పిల్లలు దొడ్డి బిగబట్టుకోవడం మొదలుపెడతారు. బిగబట్టేకొద్దీ అది గట్టిపడుతుంది, నొప్పి పెడుతుంది, ఆ నొప్పికి భయపడి ఇంకా బిగబడతారు. మా పక్క ఫ్లాట్ బాబు విషయంలో ఇదే జరిగి, చివరికి డాక్టర్ మందు రాస్తే గాని దారికి రాలేదు. మీ బాబుకు ఇప్పటికే మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడండి. పాలతోనే కడుపు నిండి అన్నం, పప్పు, ఆకుకూర తినని పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది.

ఇల్లు మారే నెలలో మాత్రం మొదలుపెట్టకండి. వైట్‌ఫీల్డ్ ఇంట్లో సర్దుకున్నాక, బాత్రూంలో బాబు కాళ్ళకు అందేలా చిన్న పీట వేసి, పాటీ చైర్‌ను బాబే ఎంచుకున్న మూలలో పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. రాత్రి డైపర్ కొనసాగించవచ్చు. రాత్రి మూత్రాన్ని తగ్గించే హార్మోన్ కొందరిలో ఆలస్యంగా కుదురుకుంటుంది, ఐదేళ్ళలోపు పక్క తడపడాన్ని డాక్టర్లు జబ్బుగా చూడరు. ప్లేస్కూల్‌కు వెళ్ళి, ఫీజు కట్టే ముందే, టాయిలెట్ పిల్లల ఎత్తులో ఉందో లేదో మీ కళ్ళతో చూడండి, బాబు అడిగిన వెంటనే తీసుకెళ్ళేది ఎవరో కనుక్కోండి, బాబు ఇంట్లో వాడే మాటను అక్కడి ఆయాకు చెప్పి ఉంచండి. తడిసిన నిక్కరు మార్చడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే, దసరా సెలవుల తర్వాత చేర్పిస్తామని చెప్పి వచ్చేయండి.