డాక్టర్ సలహా: గుండెలో మెకానికల్ వాల్వ్ ఉంది, పన్ను తీయించాలి.. మాత్ర ఆపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం, గాజువాక. నా భార్యకు 36 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతం జ్వరం వల్ల గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మిట్రల్ వాల్వ్ (కవాటం) పాడైంది. రెండేళ్ల క్రితం మెకానికల్ వాల్వ్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ మాత్ర వాడుతోంది. ఆషాఢంలో మునగాకు మంచిదని నెలంతా తినిపిస్తే ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే రక్తపరీక్ష అంకె, పెరిగితే రక్తం పలచబడినట్టు) 1.8కి పడిపోయింది. భయపడి ఆకుకూరలు మొత్తం మానిపించాం. కార్తీక ఉపవాసాలప్పుడు 4.6 వచ్చింది. ఇప్పుడు దవడ పన్ను తీయాలంటున్నారు, ఐదు రోజులు ఎసిట్రోమ్ ఆపి రమ్మన్నారు. ఆపొచ్చా? రక్తపరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలు ఉన్నాయంటున్నారు, వాటికి మారొచ్చా? ఇంకోటి, రాత్రిళ్లు ఆమె గుండెలోంచి టిక్ టిక్‌మని వినిపిస్తుంటే నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: పన్ను సంగతి ముందు చెప్తాను. మీ అంతట మీరు ఎసిట్రోమ్ ఆపకండి. మెకానికల్ వాల్వ్ మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, మిట్రల్ చోట అది ఇంకా ఎక్కువ. గుండె నుంచి ఒంట్లోకి రక్తం వెళ్లే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వ్‌లోంచి రక్తం జోరుగా దూసుకుపోతుంది, మిట్రల్ దగ్గర ఆ జోరు ఉండదు. అందుకే మిట్రల్ వాళ్లకు ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతాం. ఎసిట్రోమ్ పనితనం ఒంట్లోంచి త్వరగా పోతుంది, ఆపిన రెండు రోజులకే ఐఎన్ఆర్ దిగిపోతుంది. అలాంటిది ఐదు రోజులు ఆపితే పన్ను తీసేనాటికి ఆమెకు రక్షణ లేనట్టే. చిగురు దగ్గర కారే రక్తాన్ని గాజుగుడ్డ పెట్టి నొక్కి, కుట్టు వేసి ఆపొచ్చు. వాల్వ్ మీంచి ఊడి మెదడుకు పోయిన గడ్డను అలా ఆపలేం.

ఒక పన్ను తీయడం చిన్న పనే. ఒకటి రెండు రోజుల ముందు ఐఎన్ఆర్ చూపించండి. 3.5 లోపు ఉంటే మాత్ర వేసుకుంటూనే తీయించుకోవచ్చు. ట్రనెక్సామిక్ యాసిడ్ కలిపిన నీళ్లు నోట్లో పట్టి ఉంచితే రక్తం ఇంకా త్వరగా ఆగుతుంది. ఉదయంపూట అపాయింట్‌మెంట్ తీసుకుంటే, రక్తం ఆగకపోయినా పగలే చూపించుకోవచ్చు. ఆపమన్న డెంటిస్టును నేను తప్పుపట్టను, రక్తం ఆగకపోతే అర్ధరాత్రి ఫోన్ వచ్చేది వాళ్లకే. మీ గుండె డాక్టరు, ఆ డెంటిస్టు ఒక్కసారి మాట్లాడుకుంటే తేలిపోయే విషయం ఇది.

పన్ను తీయడానికి అరగంట నుంచి గంట ముందు వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ పట్టకుండా ఒక డోసు యాంటీబయాటిక్ తప్పనిసరి. మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఇస్తాం. పెనిసిలిన్ పడని వాళ్లకు వేరేది ఉంటుంది. కీళ్లవాతం మళ్లీ రాకుండా ఆమె ఇప్పటికీ పెనిసిలిన్ వాడుతుంటే ఆ మాట కూడా డెంటిస్టుకు చెప్పండి, మందు మార్చాల్సి రావచ్చు. వాల్వ్ మార్చేశారు కదా, ఇంక పెనిసిలిన్ ఎందుకని కొందరు మానేస్తారు. మిగతా వాల్వులు ఇంకా ఆమెవే కదా! ఎన్నాళ్లు వాడాలో మీ డాక్టరును అడగండి. పన్ను నొప్పికి పారాసెటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇంట్లో ఉన్నా ఆమెకు వెయ్యకండి.

ఇక మునగాకు. మన ఆచారాల లెక్క మీ ఐఎన్ఆర్ రిపోర్టుల్లో చక్కగా కనపడుతోంది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఎసిట్రోమ్‌కు ఎదురు పనిచేస్తుంది. నెలంతా మునగాకు తింటే ఐఎన్ఆర్ పడిపోయింది. ఆకుకూరలు మొత్తం మానేసి, పైన కార్తీక ఉపవాసాలు చేస్తే ఎగబాకింది. ఆకుకూర శత్రువు కాదండీ, మార్పే శత్రువు. వారానికి రెండుసార్లు తోటకూరో గోంగూరో తినే అలవాటుంటే ఏడాది పొడుగునా అలాగే తిననివ్వండి, దానికి సరిపడా మాత్ర డోసు మేం చూసుకుంటాం. ఉపవాసం ఉండాలంటే ముందే చెప్పమనండి.

4.6 వచ్చిన రోజుల్లో విరేచనాలకని మెట్రోనిడజోల్ లాంటిదేమైనా వేసుకుందా? గుర్తు చేసుకోండి. ఆ మందు ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతుంది. నా దగ్గరికి పాడేరు, అరకు వైపు నుంచి ఘాట్ రోడ్డులో బస్సు దిగి వచ్చే పేషెంట్లలోనూ ఇదే చూస్తుంటాను. ఎసిట్రోమ్ ఒక్క రోజు కూడా తప్పరు, మధ్యలో మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు మాత్రలు మాత్రం అసలు లెక్కలోకే రావు! కొత్త మందు ఏది మొదలుపెట్టినా నాలుగైదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించండి. ఎసిట్రోమ్ రోజూ సాయంత్రం ఒకే టైముకు వేసుకుంటే మంచిది, పొద్దున చేయించిన పరీక్షను బట్టి ఆ రోజే డోసు మార్చొచ్చు. మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చాక వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి మింగకూడదు.

పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలు మెకానికల్ వాల్వ్ వాళ్లకు పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను ఇలాంటి పేషెంట్ల మీద పరీక్షిస్తే గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువైంది. మధ్యలోనే ఆపేసి 2013లో ఆ ఫలితాలు ప్రచురించారు. అదే కోవకు చెందిన అపిక్సబాన్‌తో చేసిన ప్రయత్నాన్నీ 2022లో ఆపేశారు. పక్కింటాయన గుండె దడకు అవే వాడుతూ హాయిగా ఉండొచ్చు, ఆయన జబ్బు వేరు.

ఇంకా పిల్లలు కావాలనుకుంటే గర్భం వచ్చాక కాదు, ముందే డాక్టరును కలవండి. ఎసిట్రోమ్ మొదటి నెలల్లో బిడ్డకు హాని చేయొచ్చు. అలాగని సొంతంగా మానేస్తే తల్లికి ముప్పు. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. జ్వరం రెండు మూడు రోజులు దాటితే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) తీయించండి. మందు పడ్డాక తీస్తే వాల్వ్‌కు పట్టిన ఇన్ఫెక్షన్ బయటపడకపోవచ్చు.

చివరగా ఆ టిక్ టిక్. వాల్వ్ రెక్కలు మూసుకున్నప్పుడల్లా వచ్చే చప్పుడది, అంటే వాల్వ్ పనిచేస్తోందన్నమాట. నిద్ర పట్టకపోతే ఫ్యాన్ స్పీడు పెంచుకోండి, చాలా ఇళ్లలో అదే చేస్తున్నారు. రోజూ స్పష్టంగా వినిపించే ఆ చప్పుడు మందగించినా, ఆగినా, లేదా ఆమెకు ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఐఎన్ఆర్ పుస్తకం, వాల్వ్ కార్డు వెంట పట్టుకెళ్లండి.

- కార్డియాలజిస్టు, విశాఖపట్నం