చంద్రపూర్ రేగడిలో పునాది పనికి చేరిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి బల్లార్‌పూర్ నుంచి మీ మేనమామ ఆశీస్సులు.

థర్మల్ కేంద్రం సివిల్ పనుల్లో చేరావని అక్క చెప్పగానే ఎంతో సంతోషించాను. భూమిలోకి పోయే పనిని మట్టి కప్పకముందే నీ కళ్లతో చూడాలి. నేను రాసేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మన నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, తొలకరి పడగానే ఉబ్బుతుంది. సాయిల్ రిపోర్టులో ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (నీళ్లలో మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 50 శాతం దాటి ఉంటే పునాదిని ఆ మట్టిమీద ఆనించే ఆలోచన మానుకొని, గట్టి పొర ఎంత లోతున ఉందో వెతకాలి. ఆ రిపోర్టు నమ్మదగినదో కాదో బోరు దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. ఎస్‌పీటీలో, అంటే సుత్తి దెబ్బలు లెక్కపెట్టి నేల గట్టితనం తేల్చే పరీక్షలో, 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పూర్తిగా పడాలి. పనివాడు అలసిపోయి తక్కువ ఎత్తు నుంచే వదిలితే దెబ్బల సంఖ్య పెరిగి, మెత్తటి నేల కాగితం మీద గట్టి నేలగా కనిపిస్తుంది.

గుంత తవ్వేటప్పుడు అడుగున చివరి 15 సెంటీమీటర్ల మట్టిని జేసీబీతో కాకుండా మనుషులతో తీయించి, అదే రోజు పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు పొర) వేయించు. రాత్రి వాన పడి అడుగు మెత్తబడితే, ఆ పొరను పూర్తిగా తీయించి లీన్ కాంక్రీటుతో (సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటు) నింపించాలే తప్ప, తవ్విన మట్టినే తిరిగి వేసి దిమ్మిస పెట్టించే పనికి ఒప్పుకోవద్దు. పైల్ (భూమిలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభం) అయితే, గుంతలోకి ఇనుప చువ్వల బోనును దించాక ఒకసారి, కాంక్రీటు పోసే ముందు మరోసారి గుండు కట్టిన తాడుతో లోతు కొలువు. రెండో కొలత తగ్గిందంటే అడుగున బురద పేరుకుందని అర్థం, మళ్లీ కడిగించాలి.

టర్బోజనరేటర్ రాఫ్ట్, అంటే కరెంటు పుట్టించే యంత్రం కింది పెద్ద పలక పునాది, విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్త అవసరం. నిమిషానికి 3,000 సార్లు తిరిగే యంత్రం దానిమీద కూర్చుంటుంది. ఒకసారి మొదలుపెట్టిన పోత మధ్యలో ఆగకూడదు కాబట్టి రెండో బ్యాచింగ్ ప్లాంటు (కాంక్రీటు కలిపే కేంద్రం), అదనపు వైబ్రేటర్లు, జనరేటర్ సిద్ధంగా ఉన్నాయని చూసుకున్నాకే అనుమతి ఇవ్వు. మన వైశాఖపు ఎండల్లో సాయంత్రం పోత మొదలుపెట్టి, ఐసు కలిపిన నీళ్లతో కాంక్రీటు వేడిని 40 డిగ్రీల లోపు ఉంచాలి; ఆ తర్వాత లోపలి వేడికీ పైభాగం వేడికీ మధ్య తేడా 20 డిగ్రీలు దాటకుండా థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) రీడింగులు రాయించాలి. యంత్రాన్ని పునాదికి బిగించే యాంకర్ బోల్టులను పోతకు ముందే కాకుండా పోత నడుస్తుండగా కూడా సర్వేయర్‌తో చూపించు, ఎందుకంటే వైబ్రేటర్ తాకిడికి వాటిని పట్టి ఉంచే టెంప్లేటు కదలవచ్చు. చుట్టుపక్కల ఫ్లోరుకూ యంత్రం కూర్చునే టర్బైన్ డెక్కుకూ మధ్య వదిలిన సందులో సెంట్రింగ్ చెక్క ముక్క ఒక్కటి ఇరుక్కున్నా యంత్రం అదురు భవనానికి పాకుతుంది. టార్చి వేసి నువ్వే వెతుకు.

ఈ ఎండల్లో క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) 10 రోజులకు తగ్గకూడదు.

లోతైన గుంతల్లో మనుషులను దించేటప్పుడు పక్కలు వాలుగా తవ్వించి లేదా షోరింగ్ (పక్కలు కూలకుండా ఆపే ఆనుడు) పెట్టించి, తీసిన మట్టిని అంచున పోయనివ్వకు. తడిసిన రేగడి చెప్పకుండా కూలుతుంది. బోరులో ఏ లోతున ఏ మట్టి తగిలిందో రాసిన బోర్‌లాగ్ పేజీలు చేతికి రాగానే నాకు పంపు, చదివి ఫోను చేస్తాను.

నీ మామయ్య