కాలేజీలో చేరాలనుకునేవారిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఏమి అడగాలి, ఎలా వినాలి?

‘నీకు లెక్కలు ఇష్టమేనా?’ అంటే ‘అవును సార్’ అనే వస్తుంది. దానితో పని జరగదు. ‘ఈమధ్య ఏ లెక్క దగ్గర ఆగిపోయావు? తర్వాత ఏం చేశావు?’ అని అడగండి. అడిగాక నోరు మెదపకండి, కష్టమంతా అక్కడే. ప్రశ్న తర్వాత కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి గదులను గమనించి చూపారు.

వరంగల్‌లో ఒక అమ్మాయి నాతో ‘సెలవుల్లో ఏమీ చేయను సార్’ అంది. ఆగాను. నాన్నతో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాల వెంట వెళ్తానని, తూకం చీటీలు తానే సరిచూస్తానని నెమ్మదిగా చెప్పింది. ‘తేడా వస్తే?’ అన్నాను. తర్వాతి పది నిమిషాలూ తనే మాట్లాడింది.

అన్నట్టు, పక్కనున్న తండ్రి జవాబులు అందిస్తుంటే ఆయన్ను మర్యాదగా బయట కూర్చోబెట్టండి.